మోదుగ కొమ్మకు కాగితం పూలు

కాగితం పూలంటే గులాబీలే కానక్కర్లేదు. మన గుట్టల మీద, బీడు భూముల్లో పూసేవి ఎన్నో ఉన్నాయి. ఫాల్గుణంలో ఆకులు రాల్చి ఒళ్లంతా పూసే మోదుగనే తీసుకుందాం.

రాలిన పువ్వు ఒకటి తెచ్చి, విప్పి చూడండి. రేకులు అయిదు. వెనక్కి విచ్చుకున్న పెద్దది ఒకటి, చెరోపక్క ఒకటి, చిలక ముక్కులా వంగి కలిసిపోయినవి రెండు. అడుగున నూగుతో ముదురు గోధుమరంగు గిన్నె.

దీనికి నారింజరంగు క్రేప్ కాగితం కావాలి. ముడతలు రేకు పొడవునా వచ్చేలా కత్తిరించండి. అప్పుడే అడ్డంగా లాగితే సాగుతుంది. బొటనవేళ్లతో నొక్కి రేకుకు గుంత తేవచ్చు. ముక్కు రేకులు రెంటినీ అంచుల దగ్గర మాత్రమే అతికించండి. మైదా జిగురులో తడి ఎక్కువ, రంగు దిగిపోతుంది. తెల్ల జిగురు చుక్క చాలు. అసలు పువ్వు రేకుల వెలుపల వెండిరంగు నూగు ఉంటుంది కాబట్టి అక్కడ కాస్త సుద్దపొడి అద్దండి.

పూలను సన్నని తీగకు కట్టి, వంకర తిరిగిన ఎండుకొమ్మకు గుత్తులుగా చుట్టండి. కొసల్లో నల్లటి మొగ్గలు పెట్టండి. ఆకులు వద్దు, పూతకాలంలో చెట్టుకూ దాదాపు ఉండవు.

చేయి తిరిగాక తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు ప్రయత్నించండి. దాని పసుపు రేకుల అంచులు ముడతలు పడి ఉంటాయి. క్రేప్ అంచును వేళ్లతో సాగదీస్తే అవే వస్తాయి. పూర్తయిన కొమ్మను ఎండ తగలని చోట ఉంచండి, రంగు వెలవదు.