పేరు మారినా బదనిక మారదు
(కొబ్బరి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నల్లతల పురుగు కొబ్బరి ఆకు అడుగున గూడు కట్టుకుని పత్రహరితాన్ని గీకి తింటుంది. మట్టలు కాలినట్టు ఎండిపోతాయి. అంత ఎత్తు చెట్లకు మందు కొట్టడం కంటే బదనికలను వదలడం మేలని మనకు తెలుసు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం చాలాకాలంగా ఈ పని మీదే ఉంది. బదనికలంటే చీమంత కందిరీగలు. పురుగును కుట్టి, కదలకుండా చేసి, దాని మీదే గుడ్లు పెడతాయి. పిల్లలు ఆ పురుగునే తిని పెరుగుతాయి.

చిక్కల్లా పేర్లతోనే. మనం గోనియోజస్ నెఫాంటిడిస్ అంటున్న బదనికకు 1934లో పెట్టిన పేరు పెరిసియెరోలా. పాత పుస్తకాల్లో పారాసియెరోలా అనీ ఉంటుంది. ముందు రెక్క ఈనెల్లో చిన్న గడి ఉంటే వేరే ప్రజాతి అని కొందరు, అంతమాత్రానికి విడదీయకూడదని కొందరు. బ్రాకాన్‌దీ అదే కథ. 1895లో ఆష్‌మీడ్ హాబ్రోబ్రాకాన్ అనే ప్రజాతిని ఏర్పరిచారు. తర్వాత చాలామంది దాన్ని బ్రాకాన్‌లో కలిపేశారు. 2019లో జన్యు పరీక్షలు చూపించి మళ్ళీ విడదీయాలన్నారు.

శాస్త్రవేత్తల తగువును మనం తప్పుపట్టం. గట్టు ఎక్కడో వాళ్ళే తేల్చాలి. కానీ రీసర్వేలో ఎల్‌పీఎం నంబరు వచ్చాక పాత సర్వే నంబరు కూడా పక్కన లేకపోతే మన దస్తావేజు మనకే దొరకదు కదా! ఇదీ అంతే. పాత పేరు పోతే ఆ పేరు మీద రాసిన అనుభవమంతా పోతుంది.

దీనివల్ల నష్టం చేలోనే. గోనియోజస్, బ్రాకాన్ ఎదిగిన గొంగళి పురుగును పడతాయి. బ్రాకిమెరియా ప్యూపాను పడుతుంది. పేరు తప్పితే అదను తప్పుతుంది, వదిలిన బదనికలు వృథా.

అందుకే మనం అడిగేవి మూడు. డబ్బా మీద కొత్త పేరు, పాత పేరు రెండూ తెలుగులో ఉండాలి. ఉత్త 'బ్రాకాన్' అని కాక హెబెటారో, బ్రెవికార్నిసో జాతి పేరు కూడా రాయాలి. అవి చూపుకు ఒక్కలాగే ఉంటాయి. తయారైన తేదీ, పురుగు ఏ దశలో ఉన్నప్పుడు వదలాలో ముద్రించాలి.

మన వంతు పనీ ఉంది. మట్ట కోసి, పురుగు ఏ దశలో ఉందో చూశాకే బదనికలు తెద్దాం. వదిలిన తోటలో పురుగుమందు కొట్టొద్దు. మన మిత్రుణ్ణి మన చేత్తోనే చంపుకోవద్దు.