పిల్లల చేతిలో ఫోను: అందులో ఏ ఆట?



మీ వాళ్ళకు చూపించుకోవడానికి వచ్చి ఓపీ దగ్గర కూర్చున్నారు. పది నిమిషాలు నా మాట వినండి.

మిరప కోతలప్పుడు ఒక తల్లి ఎనిమిదో తరగతి చదివే కొడుకును తీసుకువచ్చింది. తలనొప్పి, కళ్ళమంట, అన్నం సహించడం లేదు. "చూపు తగ్గిందేమో చూడండి డాక్టరమ్మా" అంది. చూపు బాగానే ఉంది. నిదానంగా అడిగితే, రాత్రి రెండింటి దాకా ఫోనులో తుపాకుల ఆట ఆడుతున్నాడని తేలింది. ఫోను లాక్కుంటే అన్నం పళ్ళెం విసిరికొట్టాడట. "తెల్లారకముందే కూలికి పోయేదాన్ని, అది ఏం ఆటో నాకేం తెలుసమ్మా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఏం ఆటో తెలుసుకోవడమే మొదటి మందు. సినిమాకు 'ఏ' సర్టిఫికెట్ ఉన్నట్టే ఆటలకూ వయసు అంకె ఉంటుంది. మోర్టల్ కాంబాట్ వంటి రక్తపాతపు ఆటలపై ఆందోళన రేగాక అమెరికాలో 1994లో ఈ పద్ధతి వచ్చింది. 2013లో వచ్చిన గ్రాండ్ తెఫ్ట్ ఆటో 5 అక్కడ 17 ఏళ్ళు, ఐరోపాలో 18 ఏళ్ళు నిండినవారికే. ప్లే స్టోర్‌లో ఆట పేరు దగ్గరే ఆ అంకె కనిపిస్తుంది. చదువు రానివారు కూడా అంకె పోల్చుకోగలరు.

ప్రభుత్వమే ఆపుతుందిలే అనుకోకండి. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించింది దేశ భద్రత కారణంగా, పిల్లల కోసం కాదు. అలాంటి ఆటే 2021లో బీజీఎంఐ పేరుతో వచ్చింది.

ఈ ఆటలు ఆడితే బిడ్డ హంతకుడవుతాడా? అలా చెప్పడానికి తగిన ఆధారం లేదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో తెలిపింది. అయితే అరవడం, తోయడం వంటి దురుసుతనానికీ ఈ ఆటలకూ కొద్దిపాటి సంబంధం ఉందని కూడా చెప్పింది. నిద్ర చెడితే ఆ కోపం ఇంకా పెరుగుతుంది.

మన పల్నాటి వీరుల కథలోనూ యుద్ధం, రక్తం ఉన్నాయి. కాని పిల్లలు ఆ కథను పెద్దల పక్కన కూర్చుని విన్నారు. చనిపోయినవారి కోసం ఏడ్చినవారి గురించీ విన్నారు. ఫోనులో చచ్చినవాడు మళ్ళీ లేస్తాడు, ఏడ్చేవారుండరు. పక్కన మీరూ లేకపోతే బిడ్డకు చెప్పేదెవరు?

కాబట్టి ఇలా చేయండి. పక్కన కూర్చుని "ఏదీ, ఎట్లా ఆడతావో చూపించు నాన్నా" అని అడగండి. వయసుకు తగని ఆటైతే ఎందుకు వద్దో చెప్పి తీసివేయించండి. మధ్యలో లాక్కోకుండా, ఎంతసేపో ముందే ఒప్పందం చేసుకోండి. రాత్రి భోజనం తరువాత ఫోను పెద్దల దగ్గరే ఉండాలి. ఆ నియమం మీరు కూడా పాటించాలి.

ఆట ఆపుకోలేకపోవడం, చదువు, తిండి, స్నేహితులకన్నా ఆటే ముఖ్యమవడం, నష్టం జరుగుతున్నా మానకపోవడం - ఇవి సాధారణంగా ఏడాదిపాటు కొనసాగితే జబ్బుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. 2022 జనవరి నుండి ఇది అమలులో ఉంది. అంతదాకా ఆగకండి, ముందే డాక్టరుకు చూపించండి. 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ వారు ఉచితంగా సలహా ఇస్తారు. చచ్చిపోతానని బిడ్డ అంటే బెదిరింపు అనుకోక వెంటనే తీసుకురండి.

ఆ తల్లి నెలన్నర తరువాత మళ్ళీ వచ్చింది. "ఆట పూర్తిగా మానలేదు గాని పదింటికల్లా పడుకుంటున్నాడమ్మా, నాతో మాట్లాడుతున్నాడు" అంది. ఆ మాట చాలు నాకు.

ఈ సాయంత్రం మీ బిడ్డ పక్కన కాసేపు కూర్చోండి. సెలవు.