బస్సు ఎవరిది?

(సనత్‌నగర్‌ బస్తీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

బండెక్కడం కూడా మనకు కొట్లాటే. 1929లో చాలీస్‌గావ్‌లో టాంగావాళ్ళు బాబాసాహెబ్ అంబేద్కర్‌ బండి తోలమన్నారు. పెద్ద చదువు చదివినా అంటరానివాడే. బస్సొచ్చినంక టికెట్టు కొన్నోళ్ళందరూ కూర్చోవచ్చన్నారు. అయినా మా ఊరి బస్సులో ఖాళీ సీటు పక్కనే మేము నిలబడి పోయిన రోజులున్నాయి.

1932లో నిజాం సర్కారు 27 బస్సులతో మొదలుపెట్టింది. తర్వాత ఈ సనత్‌నగర్‌ ఆల్విన్ కార్ఖానాలో బస్సుల బాడీలు కట్టారు. బస్సు కట్టిందీ కూలిజనమే, తెల్లారకముందే షిఫ్టుకు బస్సెక్కిందీ కూలిజనమే. 1990లలో ఆల్విన్ చేతులు మారింది. ఆనక అమీర్‌పేటకు కంప్యూటరు కోర్సుల పిల్లలొచ్చారు. పొలం అమ్ముకొని వచ్చినోళ్ళున్నారు. అమ్మడానికి పొలమే లేక అప్పుచేసి వచ్చిన మన పిల్లలున్నారు.

2017 నవంబరులో మెట్రో వచ్చింది. మంచిదే, వద్దనడం లేదు. కానీ 60 రూపాయలున్న పెద్ద టికెట్టు 2025 మేలో పెరిగి, రాయితీ పోను 69 అయింది. పంజగుట్ట ఆఫీసులో కుర్చీలో కూర్చునే ఆమె మెట్రోలో పైనుంచి పోతుంది. అదే ఆఫీసు ఊడ్చే ఆమె కింద బస్టాపులో నిలబడుతుంది. ఊరూ వాడా ఇక్కడ పైనా కిందా అయ్యాయి.

2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. బస్సులు నిండాయి. "పనీపాటా లేక తిరుగుతున్నారు" అని ఎగతాళి చేసేవాళ్ళలో మన మగవాళ్ళూ ఉన్నారు, సిగ్గుపడాలి. నిన్నటిదాకా ఈ ఆడవాళ్ళు ఎట్లా పోయారు? కాళ్ళీడ్చుకుంటూ నడిచారు, లేదంటే కూలిలో కొంత చార్జీకి పెట్టారు. ఇది దానం కాదు. అగ్గిపెట్టె కొన్నా మనం పన్ను కడుతున్నాం.

ఇరుకైతే తప్పు ఎక్కిన ఆడవాళ్ళది కాదు, బస్సులు పెంచనివాళ్ళది. 2019 సమ్మె తర్వాత నగరంలో వందలాది బస్సులు తగ్గించారు. టికెట్టు లేకుండా చేసి బస్సు లేకుండా చేస్తే ఆ హక్కు కాగితం మీదనే ఉంటుంది.

అందుకే ఒక పని చేద్దాం. మీ స్టాపులో ఏ బస్సు ఎన్ని గంటలకొచ్చింది, ఆపకుండా పోయిందెన్నిసార్లు, రోజూ రాయండి. రాయరాని అమ్మలకు చదివే పిల్లలు రాసిపెట్టాలి. పదిహేను రోజులకు ఆ కాగితాలు పట్టుకొని అందరం డిపోకు పోదాం. మగవాళ్ళూ రావాలి.

జై భీం!