విషము తిన్న కుక్క – యజమాని కర్తవ్యము



నన్నయభట్టారకుని భారతమున ఆదిపర్వారంభమునందే ఒక కుక్కపిల్ల కథ గలదు. జనమేజయుని తమ్ములు తన బిడ్డను నిష్కారణముగా కొట్టగా, తల్లియైన సరమ రాజు నెదుట నిలిచి మొరపెట్టినది. ఆ పిల్ల పక్షమున చెప్పుటకు తల్లి యుండెను. ఇంటి కుక్క విషము తిన్నచో దాని పక్షమున చెప్పవలసినవాడు యజమానియే. ఏమి తినెను, ఎంత తినెను, ఎప్పుడు తినెను? చికిత్స కీ మూడు మాటలే ఆధారము.

విజయవాడ రహదారిపైనున్న పెద్ద అంబర్‌పేటలో కుక్కకు పొలము విషమును గలదు, ఇంటి విషమును గలదు. ఎరువుగా చల్లిన ఆముదపు పిండిని కుక్క లాశతో తినును. అందలి రిసిన్ అను విషము కొన్ని గంటలవరకు, ఒక్కొక్కప్పుడు మరునాటివరకు బయటపడదు. పిమ్మట వాంతులు, రక్తవిరేచనములు కలుగును. దానికి విరుగుడు లేదు. సత్వర చికిత్సయే శరణ్యము. పురుగుమందు సోకినచో చొంగ కారును, కనుపాపలు ముడుచుకొనును, దేహము వణకును. ఇట్టి మందులు పెక్కింటికి వైద్యునియొద్ద అట్రోపిన్ అను విరుగుడు గలదు. ఎలుకలమందులలో నొకటియైన జింక్ ఫాస్ఫైడ్ కడుపులో విషవాయువగును. ఆ కుక్క వాంతిని దగ్గరనుండి పీల్చుట మనుష్యులకును ప్రమాదము.

విషమునకు చింతపండు రసము త్రాగించుట కొందరి వాడుక. కుక్క కది కూడదు. ద్రాక్ష కుక్కల మూత్రపిండములను చెరచుటకు టార్టారిక్ ఆమ్లము కారణమై యుండునని 2021లో అమెరికా పశువైద్యులు సూచించిరి. చింతపండున నా ఆమ్లము మెండు. అది తిని మూత్రపిండములు చెడిన కుక్కల వృత్తాంతములు 2022లో ప్రకటితమైనవి. ఉప్పునీరు పోసినచో రక్తమున ఉప్పు హెచ్చి ప్రాణమునకే ముప్పు. కిరోసిను, ఆమ్లములు త్రాగిన కుక్కను, స్పృహ తప్పిన కుక్కను, మూర్ఛలు వచ్చుచున్న కుక్కను వాంతి చేయింపరాదు.

కావున మిగిలిన పదార్థమును కుక్కకు దూరము చేయవలెను. మందు పొట్లమునో సీసానో వెంట గొనిపోవలెను. గడియారము చూచి వేళ వ్రాసికొనవలెను. లక్షణములకై వేచియుండక, ముందుగా పశువైద్యునకు ఫోను చేసి, రాజేంద్రనగరు పశువైద్య కళాశాలకో, నారాయణగూడ పశువైద్యశాలకో, దగ్గరనున్న వైద్యునియొద్దకో చేర్చవలెను. తిన్న రెండు గంటలలోపల చేరినచో వైద్యుడు వాంతి చేయించి విషమును చాలవరకు వెలికితీయ వీలుండును.

పొట్లము తానే పారవేసినట్లు చెప్పుటకు సిగ్గుపడి యజమాని సత్యము దాచినచో, ఆ మౌనమునకు మూల్యము కుక్క చెల్లించును. మందుల అల్మారాకు తాళము, వైద్యునియెదుట నిజము: ఈ రెండును నోరులేని ప్రాణికి యజమాని తీర్పవలసిన ఋణము.