జపమాల తోటలో వేపచెట్టు

మిత్రులారా, ఇంజినీరు కదా, వంతెనల గురించో మెట్రో గురించో మాట్లాడతాడని అనుకొని ఉంటారు. నేను మా చర్చి ఆవరణలో వేసిన చిన్న తోట గురించి, అందులో చేసిన తప్పు గురించి చెబుతాను.

సరోజినీదేవి రోడ్డులోని సెయింట్ మేరీస్ మీకందరికీ తెలుసు. 1850 నాటి గుడి, 2008లో బాసిలికా అయింది. మా విచారణ అంత పెద్దది కాదు. గుడి వెనక స్కూటర్లు పెట్టుకునే కాస్త జాగా, ఒక పాత వేపచెట్టు, అంతే. అక్కడ జపమాల తోట వేసిపెట్టమని ఫాదర్‌గారు అడిగారు.

లెక్కలున్న పని కాబట్టి ఉత్సాహంగా దిగాను. జపమాలలో 59 పూసలు: మంగళవార్త జపానికి 53, పరలోక జపానికి 6. పూసకో మొక్క. గోడ వెంట సిలువ మార్గం 14 స్థలాలు. ఈ 14 అనే లెక్క 1731లో 12వ క్లెమెంట్ పోపుగారు ఖరారు చేసింది. అంతకుముందు ఒక్కోచోట ఒక్కో సంఖ్య. మోకాళ్ల నొప్పులవాళ్ల కోసం మెట్లు తీసేసి, 12 అడుగులకు అడుగు చొప్పున వాలు పెట్టాను.

గుంతలు తవ్వితే అడుగున్నరకే రాయి. మన ఊళ్లో ఎక్కడ తవ్వినా గ్రానైటే కదా! గులాబీలు మొదటి ఎండాకాలానికే పోయాయి. నందివర్ధనం నిలబడింది. నర్సరీవాళ్లు క్రౌన్ ఆఫ్ థార్న్స్ అని అమ్మే ముళ్ల మొక్క మరీ బాగా వచ్చింది. క్రీస్తు ముళ్లకిరీటం పేరు పెట్టుకున్నా అది మడగాస్కర్ మొక్క, నీళ్లు పెద్దగా అడగదు.

ఇక నా తప్పు. బాట చక్కగా కనబడాలని వేపచెట్టు మొదలు దాకా సిమెంటు పోయించి టైల్స్ వేయించాను. రెండో ఏడు ఉగాదికి చెట్టు పూత పూయలేదు. రోజూ సాయంత్రం దాని కింద కూర్చుని జపం చెప్పుకునే పెద్దామె, "చెట్టు కాళ్లమీద సిమెంటు పోశావు, ఊపిరెట్లా తీసుకుంటది నాయనా?" అంది.

వేళ్లకూ గాలి కావాలని తొమ్మిదో తరగతిలో మన సైన్సు మాస్టారు చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు, క్షమించాలి.

నా ఖర్చుతోనే చెట్టు చుట్టూ ఆరడుగుల మేర పగలగొట్టించి మొరం పోయించాను. దాంతో మూడు పూసల మొక్కలు పక్కకు జరిగాయి. జపమాల ఇప్పుడు గుండ్రంగా లేదు, ఒకచోట నొక్కినట్టు ఉంది. కమిటీలో కొందరు గొణిగారు. పెద్దామెను అడిగితే, మొక్కలు తానెప్పుడూ లెక్కపెట్టలేదని, చేతిలో మాల ఉంది కదా అని నవ్వింది.

ఒక పెద్ద కొమ్మ ఎండిపోతే కొట్టించాల్సి వచ్చింది. మిగతా సగం ఈ ఉగాదికి పూసింది. తపస్సు కాలంలో శుక్రవారాలు సాయంత్రం అక్కడే సిలువ మార్గం చేస్తాం. అటుగా వస్తే లోపలికి రండి, నీడ ఒకవైపే ఉంటుంది.