ట్యాంకు దాటిన ఇంధనం

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా!

మాది సూళ్లూరుపేట. పులికాట్ సరస్సు నడుమ వేసిన రోడ్డు దాటితే శ్రీహరికోట. రాకెట్ ఎగిరే రోజు మా ఊళ్లో మేడల మీద తిరునాళ్లే. 2013 ఆగస్టు 19 సాయంత్రం కూడా మేడెక్కడానికి తయారవుతున్నాం. జీఎస్‌ఎల్‌వీ-డీ5 ఎగరడానికి గంటా పద్నాలుగు నిమిషాలుందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. రెండో దశలో ఇంధనం కారుతోందట. రాకెట్‌ను వెనక్కి తీసుకెళ్లి, బాగుచేసి, 2014 జనవరి 5న ఎగరేశారు. జీశాట్-14 క్షేమంగా కక్ష్య చేరింది.

షుగర్ పేషెంట్లకు కొవ్వు గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఆ సాయంత్రమే గుర్తొస్తుంది. ఇంధనం లేనిదే రాకెట్ లేవదు. ట్యాంకులో ఉన్నంతసేపు అది బలం; ట్యాంకు దాటిందా, ప్రమాదం.

చర్మం కింద చేరే కొవ్వు చాలావరకు ట్యాంకులో ఉన్నట్టే. ఆ ట్యాంకు అందరికీ ఒకే కొలతలో ఉండదు. నిండాక మిగిలింది పొట్ట లోపలికి, కాలేయానికి, క్లోమానికి పాకుతుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు. మనం నిద్రపోతున్నా చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. అందుకే పరగడుపున కూడా షుగర్ ఎక్కువ చూపిస్తుంది. దాన్ని అదుపు చేయడానికి క్లోమం ఇన్సులిన్ పోసి పోసి చివరికి డస్సిపోతుంది.

మనవాళ్లలో చాలామందికి ఈ ట్యాంకు చిన్నది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కనే ఉన్న ఫొటోను 2004లో లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం! బరువు లెక్క ఇద్దరినీ ఒకే గాటన కట్టేసింది.

"సన్నంగానే ఉండాను గదా సార్, నాకెట్లొచ్చింది షుగరు?" అని మా వైపు వాళ్లు అడిగే ప్రశ్నకు జవాబు ఆ ఫొటోలోనే ఉంది. అలా అడిగేవాళ్లకు కాళ్లూ చేతులూ సన్నంగా ఉండి, పొట్ట మాత్రం ముందుకొచ్చి ఉంటుంది. ఐసీఎంఆర్ సర్వే 2023లో దేశంలో షుగర్ ఉన్నవాళ్లను 10.1 కోట్లుగా లెక్కగట్టింది. వాళ్లలో కొందరు రేపు మీ ఎదుట కూర్చుంటారు.

వాళ్లకు చెప్పడానికి మీ దగ్గర ఒక మంచి కబురుంది. కారడం ఆపొచ్చు. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైక్ లీన్ నడిపిన డైరెక్ట్ అధ్యయనంలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని, బరువు ఎక్కువున్న వాళ్ల బరువును ఆహార నియమంతో తగ్గించారు. ఏడాది తర్వాత 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలోనైతే అది 86 శాతం. ఇది టైప్ 2 మాట. టైప్ 1 కథ వేరు. ఎవరూ సొంతంగా మందులు మానకూడదనీ వాళ్లకు చెప్పండి. ఆలస్యమయ్యేకొద్దీ క్లోమం తేరుకోవడం కష్టం కాబట్టి తొందరగా కనిపెట్టడమే మీ పని.

ఒక్క మనవి. "ఇంత తింటే రాదా?" అని పేషెంటును పదిమందిలో చిన్నబుచ్చకండి. ఆ సాయంత్రం శ్రీహరికోటలో ఎవరూ రాకెట్‌ను తిట్టలేదు. ఎక్కడ కారుతోందో వెతికారు.

వెతకడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. దర్జీ మెడలో వేలాడే టేపు చాలు. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే అక్కడ కౌంట్‌డౌన్ ఆపి చూడండి. స్టెతస్కోపుతో పాటు ఆ టేపు కూడా జేబులో ఉంచుకోండి. ముందుగా ఈ రాత్రి విందుకు వెళ్లేలోపు మీ నడుముకే ఒకసారి చుట్టి చూసుకోండి.