వికలాంగుల ఆరోగ్యము - ఊరి బాధ్యత



తెలుగునాట తాటిచెట్లను నమ్ముకొని బ్రదుకు కుటుంబములు వేలకొలది కలవు. కల్లుగీత వృత్తివారు మోకు బిగించుకొని దినమునకు పెక్కు చెట్లు ఎక్కి దిగుచుందురు. మోకు జారినను, మట్ట విరిగినను క్రిందపడుదురు. ప్రాణము దక్కినవారిలో కొందరికి వెన్నెముక విరిగి, నడుము క్రింది భాగము చచ్చుపడిపోవును. వికలాంగుల ఆరోగ్యమును గూర్చి నేడు చెప్పదలచిన మాటలకు ఇట్టివారినే దృష్టాంతముగా గైకొనుచున్నాను.

వెన్నెముకలోపల వెన్నుపాము అను నరముల త్రాడు కలదు. మెదడు ఆజ్ఞ కాలికి చేరుటయు, కాలి స్పర్శ మెదడునకు తెలియుటయు దానివలననే. చెట్టునుండి పడినవానిని ఒకరు చంకలక్రింద, ఒకరు కాళ్ళు పట్టి యెత్తినచో నడుము వంగి, విరిగిన ఎముక ఆ త్రాడును మరింత నలిపివేయును. కావున ముందుగా 108 వాహనమునకు కబురు చేసి, అది వచ్చువరకు అతనిని కదలింపకుండ ఉంచవలెను. కదల్పక తప్పనిచో, మెడయు నడుమును వంగకుండ నలుగురు కలిసి, దుంగను దొర్లించినట్లు ఒక్కపెట్టున దొర్లించి బల్లమీదికి చేర్చవలెను. ఈ సంగతి వాహనము నడపువారికంటె ముందు తాటివనములో నున్నవారికి తెలిసియుండుట మేలు.

ఆసుపత్రినుండి ఇల్లు చేరిన పిమ్మట అసలు పరీక్ష ప్రారంభమగును. స్పర్శ లేని శరీరము ఒకే ప్రక్కమీద గంటలకొలది ఉన్నయెడల, ఒత్తిడిపడిన చోట నెత్తురు పారుట తగ్గి చర్మము చచ్చిపోవును. తుంటి, పిరుదులు, మడమలు ముందుగా చెడును. నొప్పి తెలియదు గనుక రోగి చెప్పలేడు. పుండు ఎముకదాక పోయి, ఆ విషము రక్తమున కలిసినచో మరణము సంభవింపవచ్చును.

దీనిని వారించు ఉపాయములు సామాన్యమైనవి. పరుండినవానిని రెండేసి గంటలకు ఒకమారు ప్రక్క మార్చవలెను. కుర్చీలో కూర్చున్నవాడు పావుగంట, అరగంటకొకసారి చేతులు ఊని పిరుదులు పైకి లేపవలెను. ఉదయ సాయంకాలములందు ఒడలంతయు పరీక్షించి, రంగు మారిన చోట మరల బరువు పడనీయరాదు. పక్క తడిలేక యుండవలెను. మూత్రము నిలువయుండినచో మూత్రపిండములు చెడును గాన, వైద్యులు నేర్పిన రీతిని వేళ తప్పక వెడలింపవలెను.

ఇందులో ఖరీదైన మందు ఒక్కటియు లేదు. కావలసినవి చేతులు మాత్రమే. అయితే ఇల్లాలు కూలికి పోనిదే పొయ్యి రాజదు. ఆమె లేని పగటివేళ అతనిని ప్రక్క మార్చువారెవరు? ఇచ్చటనే ఇది ఒక ఇంటి కష్టముగా నుండుట మాని, ఊరి కర్తవ్యమగుచున్నది. ఇరుగుపొరుగువారు వంతులు వేసికొని నడుమనడుమ ఆ ఇల్లు తొక్కిరావచ్చును. ఆశా కార్యకర్త వీథిలో తిరుగునప్పుడు ఆ గడప దాటిపోకుండ పెద్దలు చూడవచ్చును.

ఇక రెండవ అడ్డంకి ఆరోగ్యకేంద్రపు మెట్లు. అరుగు ఎత్తు 18 అంగుళములైనచో, చక్రాల కుర్చీ సులువుగా ఎక్కుటకు 18 అడుగుల పొడవు గల వాలుబాట కావలెను. అనగా ఎత్తునకు పండ్రెండు రెట్లు. పేరునకు పోసిన నిటారు దిమ్మె వాలుబాట కాదు. దానిమీద కుర్చీ వెనుకకు దొర్లును. వాకిలి వెడల్పు మూడడుగులైనను ఉండవలెను.

మెట్లు దాటినను గౌరవము దొరకవలెను. చెవిటివానిని చూచు వైద్యుడు వెంటవచ్చినవారితోనే మాటలాడి పంపివేయుట కలదు. కాళ్ళు లేని స్త్రీ జ్వరముతో పోయిన, ఆమె కాళ్ళనే చూచి జ్వరమును మరచుట కలదు. వికలాంగులకును రక్తపుపోటు, మధుమేహము వచ్చును. వారును గర్భము ధరింతురు. వికలాంగులలో కొందరు ఇతరులకంటె 20 ఏండ్లవరకు ముందే మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించినది. తక్కినవారికి అందిన వైద్యము వీరికి అందకపోవుట ఇందుకు గల కారణములలో ముఖ్యమైనది.

మన దేశమున 2011 జనాభా లెక్కలలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమందిగా తేలిరి. వారిలో 1 కోటి 86 లక్షలమంది పల్లెవాసులే. 2016లో వెలసిన వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. నిర్ణీత ఆదాయపరిమితికి లోబడినవారికి సమీపముననే ఉచిత వైద్యము, ఆసుపత్రులలో అడ్డంకి లేని ప్రవేశము, చికిత్సలో ముందువరుస కల్పింపవలెనని శాసించినది. ఈ భారమును ప్రభుత్వముతోబాటు పంచాయతీలమీదను ఉంచినది. కావున వాలుబాట కోరుట బిచ్చమడుగుట కాదు.

పింఛను చేతికిచ్చితిమి గదా, ఇంకేమి చేయవలెనని కొందరందురు. పింఛను బియ్యము కొనును గాని, గ్రామసభలో మాట వినిపింపజాలదు. పెండ్లిపందిటిలో చోటును, పేరుపెట్టి పిలుచు పిలుపును అది కొనిపెట్టదు. కుంటివాడనియు గ్రుడ్డిదనియు పిలువబడువారు సిగ్గుపడి ఇల్లు వెడలరు. ఇల్లు వెడలనివారి రోగము ముదిరినదాక ఊరికి తెలియదు. అందువలన ఆదరముగూడ ఆరోగ్యమున ఒక భాగమే.

కావున పెద్దలారా, మీ ఊరిలో మంచముపట్టినవారెందరో, వారిలో వైద్యుని చూచి ఏడాది దాటినవారెవ్వరో ఈ వారముననే విచారింపుడు. రాబోవు గ్రామసభకు వారిని పిలువనంపుడు. రాలేనివారిని బండి కట్టించి రప్పింపుడు. ఆరోగ్యకేంద్రపు మెట్లయొద్ద ఏమి కట్టవలెనో వారినే అడుగుడు. ఆ మెట్లక్రింద ఆగిపోయినవారికంటె ఆ సంగతి తెలిసినవారు వేరొకరు లేరు.